సగం మునిగే ఫ్యాన్ పడవను పక్కకి ఎందుకు తోస్తుంది?

శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలానికి అది ఎంత పడిపోతుందంటే, ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ల కిందే ఉండే సంగమేశ్వరం గుడి మళ్లీ బయటపడి పూజలందుకుంటుంది. ఆ నెలల్లో బ్యాక్‌వాటర్‌లో పడవ నడిపేవాళ్లకు అసలు తలనొప్పి లోతు. నిన్న ఐదడుగులు ఉన్న చోట ఇవాళ మూడే ఉంటాయి, అడుగున చెట్ల మోడులు, మునిగిపోయిన పాత ఊళ్ల గోడలు. మామూలు ఇంజన్ పడవలో ఫ్యాన్ (నీళ్లను వెనక్కి తోసే ప్రొపెల్లర్) పడవ అడుగు కంటే బాగా కిందికి వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఒక్క మోడు తగిలితే చాలు, రెక్క వంగిపోతుంది, ఒక్కోసారి దాన్ని తిప్పే కడ్డీ, అంటే షాఫ్టు కూడా. పుట్టికి ఈ బాధ లేదు, జానెడు నీళ్లుంటే చాలు తేలుతుంది, కానీ గాలికి ఎదురు వెళ్లాలంటే తెడ్డు వేసేవాళ్ల చేతులు పడిపోతాయి.

ఫ్యాన్‌ను పైకి లేపేసి సగం నీళ్లలో, సగం గాలిలో తిప్పితే ఎలా ఉంటుంది? లెక్క చాలా ఆశ పుట్టిస్తుంది. 16 అంగుళాల ఫ్యాన్‌ను మామూలు పద్ధతిలో పడవ అడుగున బిగిస్తే, ఫ్యాన్ మొత్తానికీ, పైన వదలాల్సిన సందుకూ కలిపి అడుగు కింద సుమారు 18 అంగుళాల నీళ్లు కావాలి. అదే ఫ్యాన్‌ను పడవ వెనక పలక దాటించి, దాని నడిబొడ్డు సరిగ్గా పడవ అడుగు మట్టానికి వచ్చేలా పెడితే 8 అంగుళాలు చాలు. లోతు తక్కువ ఉన్న చోట ఆ పది అంగుళాల తేడా చాలా పెద్దది. ఒకప్పుడు సాగుతో పాటు పడవల రాకపోకల కోసం కూడా తవ్విన కర్నూలు–కడప కాలువ లాంటి చోట ఇంజన్ పడవ నడపాలని ఎవరికైనా తోస్తే మొదట గుర్తొచ్చేది కూడా ఈ పద్ధతే.

కానీ ఇలా బిగించిన పడవను మొదటిసారి నడిపేవాళ్లు దాదాపు అందరూ ఒకటే మాట అంటారు, హ్యాండిల్ మాట వినడం లేదని. హ్యాండిల్ తప్పేమీ లేదు. ఈ పడవల్లో నడకకు సంబంధించిన ప్రతి ఇబ్బందీ, పక్కకి జరగడం, ఒరగడం, ముక్కు గుచ్చుకోవడం, లేవలేక పొగ కక్కడం, అన్నీ ఒక్క కారణం చుట్టూనే తిరుగుతాయి. ఫ్యాన్‌ను పై సగానికి నీళ్లు లేకుండా తిరిగేలా పెట్టారు. దీన్ని పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే విడిపోతుంది. పట్టుకోకపోతే హ్యాండిల్‌తో ఎంత కుస్తీ పట్టినా దండగ.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కూడా కాదు. కెనడాకు చెందిన ఆల్బర్ట్ హిక్‌మన్ తన సీ స్లెడ్ పడవలకు 1910లలోనే ఇలాంటి ఫ్యాన్లు పెట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్లకు హోవర్డ్ ఆర్నెసన్ అనే అమెరికన్, నడుస్తుండగానే షాఫ్టును పైకీ కిందికీ, పక్కలకీ కదిలించుకునే వీలున్న డ్రైవ్ తయారుచేశాడు, ఇప్పటికీ అది ఆయన పేరు మీదే నడుస్తోంది. రేసు పడవల వాళ్లు దీని వెంట పడింది లోతు కోసం కాదు, వేగం కోసం. మామూలు పడవలో షాఫ్టు, దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్లు, ఫ్యాన్ నడిబొడ్డు అన్నీ నీళ్లను చీల్చుకుంటూ పోవాలి, ఆ రాపిడికే ఇంజన్ శక్తి బోలెడు పోతుంది. సగం మునిగే పద్ధతిలో అవన్నీ నీళ్ల పైకి వచ్చేస్తాయి, రెక్కలు మాత్రమే నీళ్లను కోస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. వేగంగా తిరిగే ఫ్యాన్ రెక్క ముందు వైపు పీడనం పడిపోయి నీరు ఆవిరి బుడగలుగా మారుతుంది, ఆ బుడగలు రెక్క మీదే పగిలి లోహాన్ని తినేస్తాయి. రెక్క ప్రతి చుట్టులోనూ గాలిని వెంటబెట్టుకుని నీళ్లలోకి దిగితే ఆ ఖాళీని గాలి నింపేస్తుంది, పగిలే బుడగలు ఉండవు. అందుకే ఈ ఫ్యాన్ల రెక్కలు చూడటానికే వేరుగా ఉంటాయి, ముందు అంచు కత్తిలా పలచగా, వెనక అంచు మందంగా తెగ్గొట్టినట్టు. అయితే వేగం పరంగా ఇదంతా గిట్టుబాటయ్యేది సాధారణంగా 40 నాట్లు, అంటే గంటకు 74 కిలోమీటర్లు దాటాకే. అంతకంటే నెమ్మదిగా నడిచే పడవకు ఇది పెడితే వచ్చే లాభం లోతు ఒక్కటే, వేగం వస్తుందని ఖర్చు పెట్టడం తప్పు.

ఇక అసలు విషయం. వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగే ఫ్యాన్ ఒకటి ఊహించుకోండి. పైనున్న రెక్క ఎడమ నుంచి కుడికి వెళ్తుంది, కిందున్న రెక్క కుడి నుంచి ఎడమకి. రెండూ నీళ్లను వెనక్కి తోస్తూనే కొంచెం పక్కకి కూడా తోస్తాయి, పైది కుడికి, కిందది ఎడమకి. ఫ్యాన్ పూర్తిగా మునిగి ఉంటే ఈ రెండు పక్క తోపులూ ఒకదానికొకటి దాదాపు చెల్లిపోతాయి, ముందుకు పోయే పడవకు పెద్దగా తెలియదు. ఇప్పుడు పై సగాన్ని గాలిలోకి తీసేయండి. నీటి సాంద్రత గాలి కంటే సుమారు 800 రెట్లు, కాబట్టి గాలిలో తిరిగే రెక్క ఉన్నా లేనట్టే. కింది రెక్క ఒక్కటే నీళ్లను ఎడమకి నెడుతుంది, దానికి ఎదురుగా పడవ వెనక భాగం కుడికి జరుగుతుంది, అంటే ముక్కు ఎడమకి తిరుగుతుంది. జత ఎద్దుల్లో ఒకటే బలంగా లాగితే గుంటక సాలు తప్పి పక్కకి పోతుంది కదా, అచ్చం అలాగే.

ఈ తోపు ఎప్పుడూ ఒకేలా ఉండదు, చిక్కంతా అక్కడే. గ్యాస్ (యాక్సిలరేటర్) పెంచితే పెరుగుతుంది, ఫ్యాన్ కొంచెం లోతుగా దిగితే మారుతుంది, కొంచెం పైకి లేస్తే ఇంకోలా మారుతుంది. పడవ తిన్నగా వెళ్లాలంటే నడిపేవాడు హ్యాండిల్‌ను ఎప్పుడూ కొంత, పడవను కుడికి తిప్పే వైపు పట్టి ఉంచాలి, ఎంత అన్నది ఆ క్షణానికి ఫ్యాన్ ఎంత మునిగి ఎంత శక్తితో తిరుగుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. పొడవాటి షాఫ్టు ఉన్న ఇంజన్ పడవల్లో ఇది చేతికే తెలుస్తుంది. హ్యాండిల్ నొక్కితే షాఫ్టు కొస పైకి లేస్తుంది, ఎత్తితే దిగుతుంది, పక్కకి లాగే బరువు భుజం మీద పడుతుంది. రోజూ నడిపే మనిషి చేతిని జాగ్రత్తగా గమనిస్తే, మోచెయ్యి ఒక పక్కకి బిగిసి ఉంటుంది, గ్యాస్ ఇచ్చే ప్రతిసారీ ఒక అరక్షణం ముందే భుజం ఆ వైపు ఒరుగుతుంది. తోపు రాకముందే కాచుకుంటున్నాడన్నమాట. ఆ అరక్షణమే ఈ పడవ నడపడంలో ఉన్న పనితనం, పుస్తకం చదివితే వచ్చేది కాదు. కొన్ని షాఫ్టులకు ఫ్యాన్ ముందు చిన్న రేకు బిగిస్తారు, దాన్ని కొంచెం వంపుగా పెడితే పక్క లాగుడులో కొంత భాగం అదే మోస్తుంది, చెయ్యికి కాస్త విశ్రాంతి.

అవుట్‌బోర్డు ఇంజన్‌ను, అంటే పడవ వెనక పలకకు బయట తగిలించే ఇంజన్‌ను, పైకెత్తి బిగించిన పడవల్లో దీనికి ఇంకో ప్రమాదకరమైన రూపం ఉంది. ఫ్యాన్ మీద పడే పక్క తోపు ఇంజన్‌నే దాని ఇరుసు మీద తిప్పేస్తుంది. నడిపేవాడు జారిపడినా, చెయ్యి వదిలినా ఇంజన్ ఒక పక్కకి వాలి, పడవ పూర్తి వేగంలో గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది, నీళ్లలో పడ్డ మనిషి చుట్టూనే. ఇందుకే ఇంజన్‌ను ఆపేసే తాడును మణికట్టుకో, లైఫ్ జాకెట్‌కో కట్టుకునే పద్ధతి వచ్చింది. మనిషి పడితే తాడు ఊడుతుంది, ఇంజన్ ఆగుతుంది. కొత్త ఇంజన్‌తో పాటే వచ్చే ఆ ఎర్ర తాడును ఇంజన్ మూతకే చుట్టేసి మర్చిపోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. మామూలు పడవలోనే అది తప్పు, ఫ్యాన్ సగం బయట ఉన్న పడవలో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

పక్కకి జరగడంతో పాటు ఒరగడం కూడా ఉంది. ఇంజన్ ఫ్యాన్‌ను ఒక వైపు తిప్పుతుంటే పడవ దానికి ఎదురు వైపు తిరగాలని చూస్తుంది. మన ఉదాహరణలో ఫ్యాన్ కుడికి తిరిగితే పడవ ఎడమకి ఒరుగుతుంది. ఇది ఏ ఫ్యాన్‌కైనా ఉండేదే, కానీ సగం మునిగే ఫ్యాన్‌ను పెద్ద వ్యాసంతో పెడతారు, పనిచేసేది సగమే కాబట్టి, దాంతో చిన్న పడవకు ఆ మెలి బలంగా తగులుతుంది. నడిపేవాడి సీటు కుడి వైపు పెట్టడానికి ఒక కారణం ఇదే, మనిషి బరువు ఆ ఒరుగును కొంత చెల్లిస్తుంది. ముగ్గురు నలుగురు ఎక్కే పడవలో ఇంధనం డబ్బా, లంగరు, వల సంచి లాంటి బరువులను ఎడమ పక్కకు పడేసి బయలుదేరితే ఆ ఒరుగుకు మనమే సాయం చేసినట్టు.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం బయలుదేరేటప్పుడు జరుగుతుంది. పడవ నెమ్మదిగా ఉన్నప్పుడు వెనక పలకకు నీళ్లు ఆనుకుని ఉంటాయి, అంటే ఫ్యాన్ సగం కాదు, మొత్తం మునిగే ఉంటుంది. వేగం పెరిగి పడవ అడుగు నీటి మీద జారడం మొదలయ్యాకే, అంటే పడవ లేచాకే, నీళ్లు వెనక పలక కింది అంచు దగ్గర తెగిపోయి, పలక పొడిగా బయటపడుతుంది, అప్పుడు ఫ్యాన్‌కు తగిలేది ఆ అంచు కింద నుంచి వచ్చే నీటి పొర మాత్రమే. అంటే ఫ్యాన్ సగం తేలడం అన్నది వేగం వచ్చాక దొరికే సౌకర్యం, వేగం వచ్చేదాకా మొత్తం మునిగిన పెద్ద ఫ్యాన్‌ను ఇంజన్ ఈడ్చాలి. ఇక్కడే ఇంజన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది, డీజిల్ అయితే నల్ల పొగ, ముక్కు ఆకాశానికి, వెనక భాగం నీళ్లలోకి. గ్యాస్ ఎంత తిప్పినా ఆర్‌పీఎం ఎక్కదు. చాలామంది ఇంజన్‌లో ఏదో లోపం ఉందనుకుని మెకానిక్ దగ్గరికి పరుగెడతారు. లోపం ఇంజన్‌లో లేదు, ఫ్యాన్‌కు గాలి అందడం లేదు. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, వెనక పలక నుంచి ఫ్యాన్ దగ్గరికి ఒక గొట్టం వేసి గాలినో, ఇంజన్ పొగనో అక్కడికి పంపడం, దాంతో రెక్కలు తేలికపడి ఇంజన్ చుట్లు అందుకుంటుంది, పడవ లేచాక ఆ గొట్టంతో పనే ఉండదు. షాఫ్టు ఎత్తే వీలుంటే బయలుదేరేటప్పుడు కొంచెం ఎత్తినా అదే ఫలితం. రెండోది ఖర్చు లేనిది, పడవ లేచేదాకా మనుషులను ముందుకు జరిపి కూర్చోబెట్టడం. వెనక బరువు తగ్గితే పలక తొందరగా పొడిగా బయటపడుతుంది.

అందువల్ల ఈ పడవల్లో ఎంతమంది ఎక్కారన్నది మునిగిపోతామా లేదా అన్న ప్రశ్నతో ఆగదు. నలుగురితో చక్కగా లేచే పడవ ఆరుగురితో అసలు లేవకపోవచ్చు, ఆ స్థితిలో వెనక పలక అంచుకు నాలుగు వేళ్ల దూరంలో నీళ్లు, ఇంజన్ పూర్తి గ్యాస్‌లో, వేగం మాత్రం లేదు, పక్క తోపు ఉంది, చుక్కానికి దాన్ని కాచే బలం లేదు. పడవకు ఇంతకంటే చెడ్డ స్థితి ఇంకోటి లేదు. లేవడం లేదని తెలిసిన వెంటనే గ్యాస్ తగ్గించి నెమ్మదిగా వెనక్కి రావాలి, మొండిగా తోసుకుంటూ నడిమధ్యకు పోకూడదు.

లేచాక కథ మారుతుంది. ఈ ఫ్యాన్ పడవ వెనక భాగాన్ని పైకి కూడా ఎత్తుతుంది, దాంతో ముక్కు కిందికి వస్తుంది. నీళ్లు ప్రశాంతంగా ఉంటే మంచిదే, ముక్కు ఎగిరెగిరి పడుతూ గుర్రం దౌడు తీసినట్టు పోయే జబ్బు దీంతో కొంత తగ్గుతుంది. కానీ ఆషాఢం గాలి లేచిన రోజున, మైళ్ల కొద్దీ అడ్డం లేని నీటి మీద అలలు లేస్తుంటే, కిందికి ఉన్న ముక్కు ఎదురుగా ఉన్న అల వీపులో గుచ్చుకుంటుంది. గుచ్చుకున్న ముక్కు చుక్కానిలా పనిచేసి పడవను పక్కకి విసిరేస్తుంది, వెనక నుంచి వచ్చే అలలో అయితే ఇంకా ఘోరం. అప్పుడు షాఫ్టు కోణాన్ని మార్చి ముక్కును కొంచెం లేపుకోవాలి, ఆ వీలు లేని పడవలో బరువులను వెనక్కి జరపాలి. బయలుదేరేటప్పుడు ముందుకు, లేచాక అలలుంటే వెనక్కి. ఇలా మనుషులను అటూ ఇటూ జరపడం ప్రయాణికులకు విసుగే, అయినా చిన్న పడవలో మనిషి బరువును మించిన సర్దుబాటు స్క్రూ ఏదీ లేదు.

ముక్కు మరీ లేపితే మళ్లీ ఇంకో గొడవ. వి ఆకారం అడుగున్న పడవ వేగంగా పోతున్నప్పుడు నీటిని తాకేది వెనక చివర కొద్ది భాగమే, అంటే పడవ ఒక సన్నటి అంచు మీద నిలబడి పోతున్నట్టు లెక్క. అప్పుడు చిన్న కుదుపు చాలు, ఎడమకి ఒరుగుతుంది, సర్దుకుని కుడికి, మళ్లీ ఎడమకి, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ. నడిపేవాడు కంగారుపడి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే ఆ ఊపుకు ఇంకా ఆజ్యం పోసినట్టే, ఎందుకంటే మనిషి సర్దుబాటు ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యంగానే పడుతుంది. హ్యాండిల్ తిన్నగా గట్టిగా పట్టుకుని, గ్యాస్ కొద్దికొద్దిగా తగ్గించి, ముక్కును దించాలి, నీటిని తాకే అడుగు పెరిగితే ఊగడం తనంతట తానే చచ్చిపోతుంది. గండికోట లోయ లాంటి చోట దీనికి తోడు ఇంకో విషయం కలుస్తుంది. రెండు వైపులా నిలువు రాతి గోడలు, పడవ లేపిన అల అక్కడే ఆగిపోదు, రాతికి కొట్టుకుని వెనక్కి వస్తుంది. ముందు వెళ్లిన బోటు అల, దాని తిరుగు అల, మన అల, అన్నీ అడ్డదిడ్డంగా కలిసిన నీళ్లలో వేగంగా పోవడమంటే ఆ మొదటి కుదుపును మనమే వెతుక్కుంటూ వెళ్లడం. ఏటవాలు ఒడ్డున్న చెరువులో బాగా నడిచిన పడవ లోయలో తడబడితే ఆశ్చర్యం అక్కర్లేదు.

మలుపుల్లో పక్క తోపు ఇంకో రకంగా బయటపడుతుంది. మన ఫ్యాన్‌తో ఎడమ మలుపు సులువు, ఫ్యాన్ తోపు సాయం ఉంటుంది, పైగా పడవ ఎడమకే ఒరుగుతుంది కాబట్టి మలుపు అనుకున్నదానికంటే బిగుసుకుపోతుంది. కుడి మలుపుకు చాలా చోటు కావాలి. ఇది తెలియక రెండు వైపులా ఒకేలా తిప్పేవాళ్లు ఎడమకి తిప్పి భయపడతారు, కుడికి తిప్పి ఒడ్డెక్కుతారు. భయపడ్డవాళ్లు చేసే మొదటి పని గ్యాస్ వదిలేయడం, ఈ పడవలో చేయకూడని మొదటి పని కూడా అదే. ఒక్కసారిగా గ్యాస్ వదిలితే పక్క తోపు అప్పటికప్పుడు మాయమవుతుంది, కానీ తిన్నగా పోవడానికి కుడికి పట్టి ఉంచిన చుక్కాని ఇంకా కుడికే ఉంటుంది, పడవ వేగం కూడా ఇంకా పోలేదు. పడవ గభాలున కుడికి మళ్లుతుంది, మనుషులు ఎడమకి పడతారు. వెనక్కాలే, ఇప్పటిదాకా మనం లేపుకుంటూ వచ్చిన అల ఆగదు కదా, అది వచ్చి పొట్టిగా ఉన్న వెనక పలక మీదుగా లోపలికి దూకుతుంది. గ్యాస్‌ను మూడు నాలుగు సెకన్ల మీద తగ్గించడం, తగ్గిస్తూనే హ్యాండిల్‌ను మధ్యకు తెచ్చుకోవడం, ఈ రెండూ ఒకే కదలికగా చేతికి అలవాటు కావాలి.

రెండు ఫ్యాన్లు పెట్టి ఎదురెదురుగా తిప్పితే పక్క తోపు, మెలి రెండూ చెల్లిపోతాయి, పెద్ద బోట్లలో చేసేది అదే. మలుపులో ఒరిగినప్పుడు లోపలి ఫ్యాన్ లోతుకు దిగి, బయటిది గాలిలోకి లేస్తుంది, ఆ తేడా మాత్రం మిగులుతుంది. చిన్న పడవకు రెండు ఇంజన్ల ఖర్చు ఎటూ కుదరదు. కుదుపు తగ్గాలంటే రెక్కలు పెంచుకోవచ్చు. 3 రెక్కల ఫ్యాన్ నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే సెకనుకు 120 సార్లు రెక్క నీళ్లను కొడుతుంది, ప్రతిసారీ షాఫ్టుకు, బేరింగుకు, వెనక పలకకు ఒక దెబ్బ. 4 లేదా 5 రెక్కలు పెడితే ఒకటి పూర్తిగా బయటికి రాకముందే ఇంకోటి లోపల ఉంటుంది కాబట్టి దెబ్బ మెత్తబడుతుంది. పలక దగ్గర సన్నని పగుళ్ల కోసం తరచూ చూసుకోవడం ఎలాగూ తప్పదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు వీధుల్లో పడవలు తిరగాల్సి వచ్చింది. అలాంటి పనికి లోతు తక్కువ చాలు కదా అని ఈ రకం పడవను ఎంచుకుంటే పొరపాటు. వీధిలో, కరెంటు స్తంభాల మధ్య, గోడ పక్కన నిలిపి ముసలివాళ్లను ఎక్కించుకోవాలంటే కావాల్సింది నెమ్మదిగా కదిలే గుణం, చప్పున ఆగే గుణం. సగం మునిగే ఫ్యాన్‌కు ఆ రెండూ లేవు. ముందుకు పోవడానికి మాత్రమే చెక్కిన రెక్క అది, రివర్స్‌లో తిప్పితే మందపాటి వెనక అంచు ముందుకు వచ్చి నీళ్లను కోయడం మానేసి కొడుతుంది, ఆ కొట్టిన నీళ్లు కూడా పోయి పడవ వెనక పలకకే తగులుతాయి. అందుకని ఆగడం కష్టం, వెనక్కి రావడం ఇంకా కష్టం. గాలి తక్కువ ఉండి, లోతు మారుతూ, పొడవుగా తెరిచి ఉన్న బ్యాక్‌వాటర్‌లో ఒక ఊరి రేవు నుంచి ఇంకో రేవుకు తొందరగా పోవాలి, అది దీనికి తగిన పని.

రేవు చేరేటప్పుడు కూడా రివర్స్ మీద ఆశ పెట్టుకోకూడదు. దూరం నుంచే గ్యాస్ తగ్గించి, పడవను నీళ్లలోకి కూర్చోనిచ్చి, ఎడమ పక్క ఒడ్డుకు వచ్చేలా ఏటవాలుగా తేవాలి. అప్పుడు చివర్లో కొద్దిగా రివర్స్ ఇచ్చినా ఫ్యాన్ ఎదురు తిరుగుతుంది కాబట్టి పక్క తోపు కూడా ఎదురవుతుంది, వెనక భాగం ఎడమకి, అంటే ఒడ్డుకే దగ్గరవుతుంది. కుడి పక్కగా వస్తే అదే రివర్స్ వెనక భాగాన్ని నీళ్లలోకి లాగేస్తుంది, ముక్కు మాత్రం రాతికి గుద్దుకుంటుంది. చివరి పది గజాలకు ఇంజన్ ఆపేసి గడకర్రతో తోసుకొస్తే ఫ్యాన్ కూడా మిగులుతుంది, రేవులో మోకాళ్ల లోతు నీళ్లలో గిన్నెలు తోముకునేవాళ్ల కాళ్లకూ ప్రమాదం ఉండదు.